డిక్కీలో లైటు, అప్పయ్యమ్మ కుడికన్ను

మా పక్కింటి సన్యాసినాయుడు వాళ్ళకి తెలివి ఎక్కువ. ఇది నేనంటున్న మాట కాదు, వాళ్ళే అంటారు. ఊళ్ళో ఇంటికొక్క తెలివైనవాడుంటే గొప్ప, మా ఇంట్లో నలుగురికి నలుగురమూ అంతే అని సన్యాసినాయుడు చెబుతుంటే తమ్ముడు పైడినాయుడు, పెళ్ళాం ఈశ్వరమ్మ, తల్లి అప్పయ్యమ్మ వరసగా తలలూపుతారు. వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని చొక్కాలోపల దాచుకుని నడిచే రకం వాళ్ళు. నవ్వకండి, ఇప్పుడే నవ్వేస్తే తర్వాతకి మిగలదు.

వాళ్ళకో పాత తెల్లకారుంది. సాయంత్రం బాగానే తెచ్చి ఆపుతారు. పొద్దున్న తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ ఖాళీ. ఇదివరకు నలుగురూ కలిసి తోస్తే అంటుకునేది, ఈ మధ్య తోసినా అంటుకోవడం మానేసింది. సరిగ్గా ఇప్పుడే దాంతో అవసరం పడింది. అప్పయ్యమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. గురువారం పొద్దున్న ఎనిమిదింటికి పట్నంలో కంటాసుపత్రికి రమ్మన్నారు, ముందు కుడికన్ను చేస్తామన్నారు. ఆ రోజు తప్పితే మళ్ళీ రెండు నెలలు ఆగాలి. మనవరాలు పుట్టి ఆర్నెల్లయింది, ఆవిడ తడిమి చూడ్డమే గాని కళ్ళారా చూసింది లేదు. "దీనికి నా ముక్కొచ్చిందో, మీ మావ ముక్కొచ్చిందో నేను చూసుకోవాలే," అని కోడలితో రోజుకి పదిసార్లనేది. ఎంత తెలివైనవాళ్ళయినా ఆ మాట వింటే నాకు జాలేసేది.

సోమవారం మెకానిక్కు గవర్రాజు వచ్చి బ్యాటరీకి ఛార్జింగు పెట్టి ఇచ్చాడు. బండి ఆపాక కూడా ఎక్కడో ఏదో లైటు వెలుగుతూ ఉండిపోతోందని, తలుపు మూశాక లోపలి లైటు ఆరుతోందో లేదో చూసుకోమని చెప్పి వెళ్ళాడు. ఇంకేముంది, సన్యాసినాయుడు తలుపు మూశాడు. ఆరిందో లేదో చూద్దామని తీశాడు. వెలుగుతోంది. మళ్ళీ మూశాడు, మళ్ళీ తీశాడు. మళ్ళీ వెలుగుతోంది. దొంగ దొరికిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. కాసేపు ఆగితే తనే ఆరుతుందేమో అని ఈశ్వరమ్మకి ఆలోచన వచ్చింది. అంతే, పైడినాయుణ్ణి తలుపు దగ్గర పీటేసి కూర్చోబెట్టారు. అతను తలుపు బార్లా తీసి, ఎప్పుడారుతుందా అని రెప్ప వెయ్యకుండా రోజల్లా చూశాడు. సాయంత్రానికి లైటు ఆరింది. దాంతోపాటు బ్యాటరీ కూడా అయిపోయింది.

మంగళవారం గవర్రాజు మళ్ళీ వచ్చి ఛార్జింగు పెట్టాడు. తలుపు తీసి చూస్తే వెలగకేం చేస్తుందండీ నాయుడుగారూ, లోపల కూర్చుని తలుపు మూసుకుని చూడండని విసుక్కున్నాడు. సరేనని పైడినాయుడు లోపల కూర్చుని మూసుకున్నాడు. లైటు ఆరింది. ఆ శుభవార్త చెబుదామని తలుపు తీసి, ఆరింది అన్నయ్యా అన్నాడు. అన్నయ్య తొంగి చూస్తే వెలుగుతోంది.

"నా కళ్ళెదుటే అబద్ధమాడతావురా పైడీ?"

పైడినాయుడికి రోషమొచ్చి నువ్వే కూర్చుని చూసుకో అన్నాడు. అన్నగారు కూర్చున్నాడు. మూస్తే ఆరింది. తీసి చెబితే ఈసారి తమ్ముడికి వెలుగుతూ కనపడింది. మధ్యాహ్నం దాకా ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకున్నారు, అన్నం దగ్గర ఎడమొహం పెడమొహం. చివరికి ఈశ్వరమ్మ తీర్పు చెప్పింది. ఇద్దరూ ఒకేసారి కూర్చోండి, ఎవరూ బయటికొచ్చి చెప్పకండి అంది. కూర్చున్నారు, ఇద్దరూ చూశారు, ఇద్దరూ నిజం చెప్పేవాళ్ళేనని తేలింది. వీధరుగు మీంచి చూస్తున్న నాకే తల తిరిగింది.

బుధవారం గవర్రాజు ఛార్జింగు పెట్టిన బ్యాటరీ తెచ్చి బిగించాడు. వెనక డిక్కీలో కూడా చిన్న లైటుంటుంది, మూత వేస్తే ఆరాలి, అది కూడా ఎవరైనా లోపలుండి చూడాలి అన్నాడు. అన్నాదమ్ములిద్దరూ భారీ మనుషులు, పట్టలేదు. ఈశ్వరమ్మ చంకలో పిల్ల ఉంది. సన్నగా, పొట్టిగా, ఖాళీగా ఉన్నదెవరంటే అప్పయ్యమ్మ. మెత్తటి దుప్పటి పరిచి, ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టి మూత దించారు. అమ్మా, లైటు వెలుగుతోందా అని అడిగారు.

"ఏం కనపడట్లేదు నాయనా, అంతా చీకటే," అంది అప్పయ్యమ్మ.

అది కూడా బాగానే ఉందని తేల్చేశారు. ఆవిడకి చూపు లేదు కదయ్యా అని నేను గోడమీంచి అన్నాను. చూపు లేకపోతే చీకటని ఎలా చెబుతుందండీ అని సన్యాసినాయుడు నాకే బుద్ధి చెప్పాడు.

గవర్రాజుకి ఓపిక అయిపోయింది. సాయంత్రం బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి ఉంచండి, పొద్దున్న తగిలించి బయల్దేరండి అని చెప్పి దణ్ణం పెట్టాడు. వాళ్ళు తీగ ఊడదీశారు. పారేసుకుంటే ప్రమాదమని బియ్యం డబ్బాలో అడుక్కంటా పెట్టి తాళమేశారు. గురువారం తెల్లారేసరికి అందరూ స్నానాలు చేసి, కొత్త చీర కట్టిన అప్పయ్యమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పితే ఆ టక్కు కూడా లేదు. ఆ తొందర్లో తీగ మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. అయినా అమ్మ కళ్ళ కోసం కాబట్టి నడుం కట్టుకుని తోశారు. ఆరు కిలోమీటర్లు, పట్నం దాకా. అప్పయ్యమ్మ ఒళ్ళో పిల్లని పెట్టుకుని, బండి ఇవాళ చప్పుడు లేకుండా ఎంత మెత్తగా పోతోందిరా అని మెచ్చుకుంటూనే ఉంది. ఎనిమిదికి ఐదు నిమిషాలుందనగా ఆసుపత్రి చేరారు. నిజం చెప్పాలి కదా, ఆ పూట మాత్రం వాళ్ళంటే నాకు ముచ్చటేసింది.

మర్నాడు కట్టు విప్పారు. అప్పయ్యమ్మ కుడికంటితో ముందు మనవరాలినే చూసింది. ముక్కు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నా ముక్కే అని ఏడ్చేసింది. అప్పటికి తీగ మాట గుర్తొచ్చి పైడినాయుడు ఇంటికి నడిచెళ్ళి దాన్ని తెచ్చి తగిలిస్తే కారు ఒక్క తిప్పుకే అంటుకుంది. అందరూ హాయిగా ఇంటికొచ్చారు, తీగ మళ్ళీ ఊడదియ్యడం మరిచిపోయారు. సాయంత్రం అప్పయ్యమ్మ కొత్త కంటితో పెరడంతా చూసుకుంటూ కారు వెనక్కొచ్చి ఆగింది.

"ఒరే, మూత సందులోంచి వెలుతురొస్తోంది. ఇందులో లైటు వెలుగుతోందిరా," అంది.

అందరూ వంగి చూశారు. నిజమే, డిక్కీలో లైటు వెలుగుతోంది. ఇన్నాళ్ళూ బ్యాటరీ తిన్నది అదే. హమ్మయ్య, ఇప్పటికైనా దొరికిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. వాళ్ళు మాత్రం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. బుధవారం చీకటిగా ఉందని ఈ అమ్మే కదా చెప్పింది. మధ్యలో జరిగిందేమిటి? ఆపరేషను. అంతే.

శనివారం పొద్దున్నకి బ్యాటరీ మళ్ళీ ఖాళీ. నా కన్ను నా ఇష్టం అని అప్పయ్యమ్మ తిడుతూనే ఉంది. ఆవిణ్ణి ఎక్కించుకుని మళ్ళీ ఆరు కిలోమీటర్లూ తోసుకుంటూ వెళ్ళి, సన్యాసినాయుడు డాక్టరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రెండో కన్ను జోలికి మాత్రం వెళ్ళకండి బాబూ. ఒక కన్ను చేస్తేనే వెనక లైటు వెలిగింది, రెండోది కూడా చేస్తే ముందు లైట్లు రెండూ వెలుగుతాయి. తమరికి పుణ్యముంటుంది, ఆ తీసిన శుక్లమేదో తిరిగి పెట్టేయండి, మా బ్యాటరీ నిలుస్తుంది."