పతకం వెనక పసుపు

వాదనకు వాదనతో జవాబివ్వడం జోగాంబ గారికి అలవాటు లేదు. నరసాపురంలో తన ఇంటి వసారాలో ఆమె తర్కం చెబుతారు. ఎవరైనా గట్టి ప్రశ్న వేస్తే, ఆ పూట చేతిలో ఏ పని ఉంటే ఆ పనిలోకి వాళ్ళనూ కూచోబెట్టుకుంటారు.

కాలేజీ చర్చాపోటీల్లో ఓడి ఎరగని హైమ ఒక గురువారం మధ్యాహ్నం అడిగింది. "మేలు పొందినవాళ్ళు, పుచ్చుకున్నదాన్ని ఉన్నదున్నట్టు తిరిగిస్తే అది కృతజ్ఞత ఎలా అవుతుందండీ? అంతకన్నా మెరుగ్గా తిరిగిస్తేనే కదా ఋణం తీరేది?"

జోగాంబ గారు నోరు విప్పేలోగా, వెనక వీధిలో లేసులు అల్లే నూకరత్నం ఒక డబ్బా పట్టుకుని వచ్చింది. ఆమె చెల్లెలి పెళ్ళికి ఊళ్ళోనే ఉండే భ్రమరాంబ గారు అడక్కుండానే ముత్యాల హారం ఎరువిచ్చారు. మూడు పేటలు, కింద కెంపుల పతకం. పెళ్ళయ్యేసరికి దానికి పసుపు, కుంకుమ, చెమట, కొబ్బరినూనె అన్నీ పట్టాయి. ఇవాళే తిరిగివ్వాలి, రేపు శుక్రవారం బంగారం గడప దాటించకూడదు. అది మీ ఇంటి లక్ష్మి కాదుగా వెళ్ళిపోవడానికి, అన్నారు జోగాంబ గారు. నూకరత్నం నవ్వలేదు. ఇచ్చినదానికన్నా తళతళలాడుతూ ఇవ్వకపోతే ఆవిడ ముఖం మళ్ళీ చూడలేనంది. అందుకే కుంకుళ్ళలో సోడా వేసి మరగబెట్టి, హారం మొత్తం అందులో ముంచుదామనుకుంది. ఎంతసేపు ముంచాలో అడిగి పోదామని వచ్చింది.

జోగాంబ గారు డబ్బా అందుకుని పక్కన పెట్టారు. కెంపులు లక్క మీద కూచుని ఉంటాయి, వేడి తగిలితే లక్క కరిగి రాళ్ళు ఊడి వస్తాయన్నారు. సోడా తగిలితే ముత్యం మెరుపు పోతుంది, నీళ్ళలో నానితే పట్టుదారం ఉబ్బి తెగుతుంది. నాలుగు కుంకుడుకాయలు గోరువెచ్చని నీళ్ళలో పిసికించారు. పసిపిల్లల బ్రష్షును ఆ నురగలో అద్ది, పతకాన్ని మాత్రం నూకరత్నం చేత నెమ్మదిగా రుద్దించారు. ముత్యాలను వట్టి తడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచే పని హైమకిచ్చారు. హారాన్ని వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టమన్నారు. గంట తిరిగేసరికి హారానికి ప్రాణం వచ్చినట్టుంది.

అప్పుడు పతకం తిప్పి చూసిన హైమకు వెనక చెక్కుడు గాడిలో గోధుమరంగుకు తిరిగిన పసుపు కనబడింది. పెళ్ళి పసుపు తుడిస్తే వచ్చేసింది గాని ఇది రాలేదు. హైమ గుండుసూది తీసుకుంది. అది ఎవరిదో పాత పసుపంటూ జోగాంబ గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

మురికి ఎవరిదైతే మాత్రం మురికి కాదా అని హైమ వాదించింది. జోగాంబ గారు నూకరత్నం వైపు తిరిగి, ఈ హారం అంతకుముందు ఎవరు వేసుకునేవారని అడిగారు. భ్రమరాంబ గారి తల్లి, ఆవిడ పోయాక ఎవరూ వేసుకోలేదు, అంది నూకరత్నం.

"మీ పెళ్ళి అంటించినంతవరకు తుడిచాం. ఇది మనది కాదు," అన్నారు జోగాంబ గారు.

నూకరత్నం బెంగపడింది. సగం కడిగి తెచ్చిందనుకుంటే తన పరువేం కావాలి? అయినా పంతులమ్మగారి మాట దాటలేక, తోడు రమ్మని హైమను బతిమాలింది. తాంబూలం పళ్ళెంలో హారం పెట్టుకుని ఇద్దరూ వెళ్ళారు.

భ్రమరాంబ గారు ముత్యాల వంక చూడనైనా చూడలేదు. పతకం తిప్పి, గాడి మీద బొటనవేలు పెట్టి నిమిరారు.

"అమ్మ మెడ పసుపే ఇది. కడగొద్దని నీకు చెబుదామనుకున్నాను. చెబితే నీ చెల్లెలు భయం భయంగా వేసుకుంటుందని ఊరుకున్నాను. పెళ్ళినాటినుంచీ నాకు నిద్ర లేదు, రత్నం."

ఆవిడ నూకరత్నం చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. అదేంటండీ, ఇచ్చింది తమరైతే, అంటూ నూకరత్నం ఏడ్చేసింది. పళ్ళెం పట్టుకుని మధ్యలో నిలబడ్డ హైమకు ఎటు చూడాలో తెలియలేదు.

తిరిగి వచ్చి జరిగినదంతా చెప్పింది. ఆవిడ హారం ఇచ్చింది, ఈవిడ పసుపు మిగిల్చింది. ఇంతకీ ఇప్పుడు ఎవరు ఎవరికి ఋణపడ్డట్టని అడిగింది.

జోగాంబ గారు కుంకుళ్ళ నీళ్ళు పారబోసి, చేతులు కొంగుకు తుడుచుకున్నారు.

"అది తేలిపోతే వాళ్ళిద్దరూ ఒకరింటికొకరు మళ్ళీ ఎందుకు వెళతారే?"