పసుపు డబ్బానా, తెల్ల డబ్బానా

ఫోన్ల లేదు బిడ్డా. ఆ తత్వం ఫోన్ల లేదు. అందరు గదే అడుగుతరు, ఫోన్ల రికార్డు పట్టి ఉంటడు గదా అని. పట్టినయన్ని ఎప్పుడో పోయినయి. రాజలింగం అయ్య పాడిన పాటలన్ని శిష్యుడు బాలనర్సు తన ఫోన్లనే పట్టిండు. బోరు కాడ వంగంగ జేబులకెల్లి నీళ్లల్ల పడ్డది. ఎండల పెట్టిండు, బియ్యంల పెట్టిండు, అది లేవలే. అంతకుముందు క్యాసెట్లల్ల పట్టిరి. వాటికి బూజు పట్టె.

అప్పటిసంది బాలనర్సుకు ఒకటే గోస. "ఈసారి చెడిపోని దాంట్లనే పెడతయ్యా" అని అయ్య కాళ్లు పట్టుకొని చెప్పిండు.

అయ్య మగ్గం నేసుకుంట, తంబూర పట్టుకొని అచలం అనే గురుబోధ చెప్పినోడు. ఆ బోధ తీసుకున్నోళ్లల్ల గురువు కాలం చేస్తే కాలవెట్టరు. కూసోబెట్టి సమాధి చేస్తరు. మన్ను పోసేటప్పుడు ఒక తత్వం పాడాలె. సాగనంపే తత్వం అంటరు దాన్ని. తనకు పొద్దు వాలిందని తెలిసినంకనే గురువు దాన్ని ఇస్తడు, అది గూడ ఒక్క శిష్యునికే. కాయితం మీద రాయరు. గురువు ఒక చరణం అంటడు, శిష్యుడు వంత అందుకుంటడు. అట్ల అందుకున్నోడే ఆనాడు పాడతడు. అందుకున్నోడు లేకుంటే ఊకెనే మన్ను పోయాలె.

అయ్య తన గురువుకు పాడిండు. మళ్ల ఎన్నడు పాడలే.

ఆ వానకాలం అయ్యకు గొంతుల గడ్డ లేసింది. ఇంటికి తోలుకపొమ్మన్నరు డాక్టర్లు. అయ్య బాలనర్సును పిలిచిండు.

"కూసోరా. ఇగ ఇస్త."

"జర ఆగయ్యా. కంప్యూటర్ తెస్త. రాయొద్దన్నరు గని పట్టొద్దనలే గదా. అండ్ల పడితె వెయ్యేండ్లుంటది."

అయ్య నవ్విండు. "వెయ్యేండ్లా? అబ్బో" అన్నడు.

ఆ తెచ్చుడే తెమలలే. కంప్యూటర్ లోపట తలకాయ లెక్క ఒకటుంటదట, ప్రాసెసర్ అంటరట. జనగామల అది రెండు కంపెనీలది దొరుకుతది. ఒకటి పసుపు డబ్బాల వస్తది, ఒకటి తెల్ల డబ్బాల. పసుపు డబ్బా అమ్మేటాయన అంటడు, "మాది ఆగుడే లేదు. నీ మనుమడు గూడ వాడుకుంటడు." తెల్ల డబ్బా అమ్మేటాయన అంటడు, "చెడిపోనిది లోకంల ఏదున్నదన్నా? చెడిపోయినంక ఎవడొస్తడో చూడు. మావోళ్లు ఇంటికొచ్చి మార్చిపోతరు."

బాలనర్సు పొద్దున బస్సెక్కితె మాపటికి దిగుతుండె. ఇయ్యాల పసుపుదే ఖాయమంటడు. రేపు ఇంకోన్ని అడిగి తెల్లదంటడు. మళ్ల పండుకోబోయే ముందు అనుమానం. ఎప్పుడొచ్చినా అయ్య మంచం మీద తంబూర పక్కన పెట్టుకొనే ఉంటుండె. బాలనర్సు గోడకు ఒరిగి డబ్బాల ముచ్చట చెప్పుతుండె. అయ్య ఇంటుండె. ఆ గొంతేమో రోజురోజుకు సన్నబడుతుండె.

అయ్య ఇంటామె ఈరమ్మకు రోసమొచ్చింది. "ఏమయ్యా బాలనర్సు, పిల్లనిచ్చేటోడు గూడ గింత ఆరా తియ్యడు గదా!"

"గియ్యాల తొందరపడితె రేపు ఏడ్వాలె గదమ్మా" అన్నడు వాడు.

ఒకనాడు దీపాలు పెట్టే యాళ్లకు అయ్యే అడిగిండు.

"చెడిపోతె ఎవరొస్తరన్నదేనా నీ రంది?"

"గదే అయ్యా."

"దుకాణపోన్ని అడుగుడెందుకు? ఆ కంపెనీలకే ఫోన్ చెయ్యి. ఈడికెల్లే చెయ్యి. నేను గూడ ఇంట."

బాలనర్సు ఈరమ్మ బటన్ల ఫోన్ తీసుకొని, స్పీకర్ పెట్టి పసుపు డబ్బా కంపెనీకి చేసిండు. ఒకటి నొక్కుమన్నది, రెండు నొక్కుమన్నది. "దయచేసి లైన్‌లో ఉండండి" అన్నది. ఎనక ఏదో పాట మొదలైంది. అయ్య కండ్లు మూసుకొని తలకాయ ఊపబట్టె.

"మంచిగనే పాడుతుండ్రురా. వంత ఎవడందుకోవాలె?"

ఈరమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మళ్ల "దయచేసి లైన్‌లో ఉండండి". మళ్ల పాట. మనిషి రాలే.

తెల్ల డబ్బాకు చేసిండు. ఒక పిల్ల ఎత్తింది. మస్తు మర్యాదగ మాట్లాడింది. మూడేండ్లు మా బాధ్యత సార్, ఏమైనా మా మనిషి వస్తడు అన్నది. అయ్య చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నడు. సన్నగ అడిగిండు.

"మూడేండ్లయినంక, బిడ్డా?"

"సారీ సార్. ఆ తర్వాత మేమేం చెయ్యలేం."

"మంచిదానివి తల్లీ. ఉన్నది ఉన్నట్టు చెప్పినవు. నాకు రేపటి బాధ్యత గూడ లేదు" అని ఫోన్ బాలనర్సు చేతుల పెట్టిండు.

బాలనర్సు మొఖం ఎలిగిపోయింది. "తెల్లదే అయ్యా! ఇగ తేలిపోయింది. రేపు మొదటి బస్సుకు పోయి పట్టుకొస్త."

అయ్య లేసి కూసున్నడు. తంబూర ఒళ్లె పెట్టుకున్నడు. తీగ మీటిండు. ఉన్న ఊపిరంత కూడగట్టి ఎత్తుకున్నడు. బాలనర్సు ఎన్నడు ఇనని చరణం అది. ఇది సాగనంపే తత్వమని ఈరమ్మకు ఎరికైంది. చేతిలున్న దీపం కింద పెట్టి, అక్కడనే కూసున్నది.

ఒక్క చరణం పాడి ఆపిండు. చెవి మీద చెయ్యి పెట్టుకొని, వంత కోసం చూసిండు.

బాలనర్సు గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నడు. "వద్దయ్యా, నీకు దండం పెడత. ఉన్న గొంతు ఒడగొట్టుకోకు. రేపు పెట్టె వచ్చినంక పాడుదువు. గిప్పుడు పాడితె ఉత్తగ గాలిల పోతది."

అయ్య ఆ చెయ్యి ఇడిపించుకున్నడు. తంబూర మెల్లగ పక్కకు పెట్టిండు.

"సరేరా. లైన్ల ఉంట" అన్నడు.

తెల్లారి బాలనర్సు మొదటి బస్సుకని చెప్పులు తొడుక్కొని, చెప్పిపోదామని లోపటికి వంగిండు.

రాజలింగం అయ్య అప్పటికే పోయి ఉన్నడు. వంత అందుకున్నోడు లేక ఆనాడు ఊకెనే మన్ను పోసిండ్రు.