బుడంకాయ ఆడిన ధింసా

ఇప్పచెట్ల కొండ మీద సంతరోజున గుబురక్క అంగడి ముందున్నంత సందడి ఇంకెక్కడా ఉండదు. గుబురక్క ఎలుగుబంటి. ఆమె కాచే ఇప్పసారా కోసం పక్క కొండల జంతువులు కూడా లొట్టలేసుకుంటూ వస్తాయి. ఎవరెంత బతిమాలినా కొమ్ములు రాని దుప్పికీ, చారలు పోని పందిపిల్లకీ ఆమె చుక్క పోయదు. కొండపెద్ద ఏనుగు మాటా అదే. పిల్లలకు పోసినట్టు తేలితే అంగడి ఆ రోజే వేరేవాళ్లకి పోతుంది.

ఆ వేరేవాళ్లు తానే కావాలని నక్క జిత్తయ్య ఎప్పటినుంచో అంగడి మీద కన్నేశాడు.

ఓ సంతనాడు మిట్టమధ్యాహ్నం, ఒంటినిండా బురద పట్టించిన పందినొకదాన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"వదినా, మా బామ్మర్ది! ఒడ్డూ పొడుగూ లేదుగానీ గట్టిగా తాగుతాడు. ఓ ముంత పొయ్యి."

"నక్కకి పంది బామ్మర్ది ఎట్లా అయ్యాడు మరిదీ?"

"వరస కలుపుకున్నాంలే వదినా!"

గుబురక్క ఎగాదిగా చూసింది. పందికి బురద కొత్తేం కాదు. కానీ ఈ బామ్మర్ది ముంత వైపు కాకుండా బెల్లం బుట్ట వైపే చూస్తున్నాడు.

"నాకెందుకో అనుమానంగా ఉంది. పొయ్యను."

"వచ్చిన చుట్టాన్ని అవమానిస్తావా?" జిత్తయ్య గొంతు పెంచాడు. వినోదం చూద్దురు రమ్మని తనే పిలుచుకొచ్చిన ఏనుగు పెద్దయ్య ఆ పక్కనే నిలబడి వింటున్నాడు.

"అయ్యో, అవమానమా! కొత్త చుట్టమైతే తాగేముందు డప్పుల మీద ఓ చుట్టు ధింసా నాట్యం ఆడాలి కదా. మన సంత ఆనవాయితీ మర్చిపోయావా?" అంది గుబురక్క.

కాదంటే కొండంతా మొహాన ఉమ్మేస్తుందని జిత్తయ్య సరేనన్నాడు. అప్పటికే కుందేళ్లు డప్పులు అందుకున్నాయి. చుట్టం భలే హుషారుగా గెంతాడు. ఎండకి బురద ఎండి, గెంతిన ప్రతిసారీ పెచ్చులు పెచ్చులుగా రాలింది. లోపల్నుంచి లేత పసుపు చారలు బయటపడ్డాయి.

"ఒరేయ్ బుడంకాయా! నువ్వట్రా!" అంది గుబురక్క.

"సారా తాగితే పెద్దోణ్ణైపోతానని నక్కమామ చెప్పాడు," అన్నాడు పందిపిల్ల బుడంకాయ వగరుస్తూ. "నాకు బెల్లం పెట్టవా పెద్దమ్మా?"

పెద్దయ్య తొండం జిత్తయ్య మెడ మీద పడింది. "పసివాడికి తాగించబోయి, ఆ నేరం ఈమె నెత్తిన రుద్దుదామనుకున్నావా? అంగడి గుబురక్కదే. ఇక నీ శిక్ష విను. వీడికి నీళ్లు పోసి వాళ్లమ్మకి అప్పజెప్పు. జరిగిందంతా నీ నోటితోనే చెప్పు."

బుడంకాయ తల్లి కోపం సంగతి ఆ కొండ మీద తెలియనివాళ్లు లేరు.

"పెద్దయ్యా, ఇంకేదైనా శిక్ష..." అని జిత్తయ్య గింజుకున్నాడు. డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు.

గుబురక్క బుడంకాయ చేతిలో బెల్లం కలిపిన ఇప్పపూల ఉండ పెట్టి పంపింది. కాసేపటికి ఎదురు గట్టు మీద నక్క ముందు, పందితల్లి వెనక పరుగెత్తడం కనిపించింది. గుబురక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు ధింసాలో అందరికన్నా ఎక్కువ చుట్లు ఆడింది కూడా ఆమే.

నీతి: తాగేవాడి వయసు మీద అనుమానం వచ్చినప్పుడు ముంత వంచకపోవడమే అమ్మేవాళ్ల మర్యాద.