అవ్వ డిప్ప మీద చుక్కలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక ఆటో. అడవిలో ఆటో ఏమిటని అడగకండి, కథ చెప్పేది నేను కదా!

ఆ ఆటో కూర్మమ్మ అనే తాబేలు అవ్వది. రోజూ పొద్దున్నే అడవి పిల్లలను ఎక్కించుకుని కొండ అవతల బడికి తీసుకెళ్లేది. ఆమె బండి వెనక పడితే నత్తలు కూడా విసుక్కునేవి. అయినా పిల్లలకు ఆ బండంటే ప్రాణం. ఒక కాలు సరిగా లేని జింకపిల్ల పుప్పొడికైతే బడికి వెళ్లాలంటే ఆ బండే దిక్కు.

అవ్వ ఇంట్లో చెంగయ్య అనే కుందేలు ఉండేవాడు. తల్లి లేని బిడ్డ. అవ్వే పెంచింది. సాయంత్రమైతే చాలు, "అవ్వా, తాళం!" అంటూ బండి తీసుకుని షికారు పోయేవాడు.

నాలుగు దారులు కలిసే చోట శేషయ్య అనే కొంగ కాపలా. ఆయనది పుట్టుకతోనే తెల్ల యూనిఫాం. బండి తప్పుగా తోలినవాళ్ల ఒంటి మీద ఒక సున్నపు చుక్క పెట్టేవాడు. మూడు చుక్కలు పడ్డవాళ్లు తొలకరి దాకా బండి ముట్టకూడదు.

ఒకరోజు చెంగయ్య మలుపులో బండిని రయ్యిమని ఉరికించాడు. ఆ దుమ్ములో శేషయ్యకు బండి కనిపించింది కానీ తోలినవాడు కనిపించలేదు. ఇంటికొచ్చి అడిగాడు.

"ఎవరు తోలారు?"

చెంగయ్య అవ్వ వెనక నక్కాడు. చెవుల మీద చుక్క పడితే బిడ్డ నలుగురిలో తలెత్తుకోలేడని అవ్వ మనసు కరిగిపోయింది.

"నేనే నాయనా," అంది.

"నువ్వా? అంత వేగంగానా?"

"ఏం, ముసలిదాన్నని చులకనా?"

శేషయ్య నిట్టూర్చి అవ్వ డిప్ప మీద చుక్క పెట్టాడు.

ఇంకోసారి మసక చీకట్లో శేషయ్య రెక్క ఎత్తి ఆగమన్నా చెంగయ్య ఆగలేదు. అవ్వ మళ్లీ "నేనే" అంది. రెండో చుక్క పడింది. మూడోసారి వాడు ఎదురుదారిలో దూసుకెళ్లాడు. నడిచొస్తున్న పుప్పొడి హడలిపోయి గోతిలోకి దూకింది. దెబ్బ తగల్లేదు కానీ చాలాసేపు వణికింది.

అప్పుడు కూడా అవ్వ "నేనే" అంది. ఈసారి తల డిప్పలోకి లాక్కుంది.

"మూడయ్యాయి అవ్వా. ఇక తొలకరి దాకా బండి ముట్టకు," అన్నాడు శేషయ్య.

మర్నాడు పొద్దున పిల్లలు సంచులు తగిలించుకుని వచ్చారు. అవ్వ వాకిట్లోనే కూర్చుండిపోయింది.

"ఎక్కండర్రా, నేను తోలతాను. నా మీద ఒక్క చుక్క కూడా లేదు," అన్నాడు చెంగయ్య.

ఒక్కరూ కదల్లేదు. పుప్పొడి మెల్లగా అంది.

"అవ్వ తోలితే నాకు నిద్రొస్తుంది. నువ్వు తోలితే భయమేస్తుంది. నిన్న బండిలో నిన్ను చూశాను. నేను నడిచే పోతాను."

కుంటుకుంటూ బయలుదేరింది. చెంగయ్య ఆ చిన్న కాళ్లను చూశాడు. అవ్వ డిప్ప మీది తెల్లటి చుక్కలను చూశాడు. వాడికి ఏడుపు ఆగలేదు. ఒక్క పరుగున శేషయ్య దగ్గరికి వెళ్లాడు.

"మామా, ఆ చుక్కలు నావి. నాకే పెట్టు."

"నాకు అనుమానం లేకపోలేదురా. పెద్దావిడ మాట కాదనలేకపోయాను. అది నా తప్పు," అన్నాడు శేషయ్య.

ఆయన వచ్చి తడి ఆకుతో అవ్వ డిప్ప తుడిచాడు. చెంగయ్య చెవుల మీద మూడు చుక్కలు పెట్టాడు.

"ఎందుకు చెప్పావురా?" అంది అవ్వ కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వు నన్ను దాచిన ప్రతిసారీ నేను ఇంకా జోరుగా తోలానవ్వా."

అవ్వ వాణ్ని దగ్గరికి తీసుకుంది. "ముద్దు చేసి నేనే నిన్ను చెడగొట్టానురా," అంది.

చెంగయ్య పిల్లలతో పాటు వెనక కూర్చున్నాడు. అవ్వ బండి తోలింది. దారిలో పుప్పొడిని ఎక్కించుకున్నారు. ఆ పిల్ల కాసేపు చెంగయ్య చెవులనే చూసింది. తర్వాత వాడి పక్కనే కూర్చుంది. మొదటి మలుపు తిరిగేసరికి వాడి భుజం మీద నిద్రపోయింది. రెండో మలుపు దాటేసరికి చెంగయ్య కూడా నిద్రపోయాడు.

నీతి: మన తప్పుకు శిక్ష మనమే మోయాలి. ప్రేమకొద్దీ ఇంకొకరు మోస్తే ఆ తప్పు తగ్గదు, పెరుగుతుంది.