ముందు వెళ్ళేవాడి చెయ్యి

విశ్వపతి మాస్టారు కూర్చుని ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేవారు కారు. ఎవరైనా అడిగితే పూర్తిగా విని, కాసేపు ఊరుకొని, "సైకిలు తియ్యండి" అనేవారు. సీలేరు లోయలో ఆయన ఇల్లు పాత రోడ్డు దిగువ కొసన ఉండేది. ఏటి అవతలి ఒడ్డున కొత్త రోడ్డు పడ్డాక, పాతదానికి రెండు కొసల్లోనూ బండరాళ్ళు దొర్లించి బళ్ళను ఆపేశారు. అప్పటినుంచి ఆ పన్నెండు కిలోమీటర్ల మేరా లారీ చప్పుడు లేదు, హారను లేదు. ఒక పక్క మద్దిచెట్ల కొండ, మరో పక్క రాళ్ళను ఒరుసుకుంటూ పారే ఏరు. మనిషి నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు. ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకోవడానికి వెళ్ళిన మేము, పుస్తకం ముందు నేర్చుకున్నదానికన్నా ఆ రోడ్డు మీద నేర్చుకున్నదే ఎక్కువ. అక్కడ కూడా ఆయన మాట్లాడింది తక్కువే.

మాలో చిదంబరం అనే ఆయన రాజమండ్రిలో సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగి. ఏటా వానలు వెనకబట్టాక భార్య హైమవతితో కలిసి వచ్చి, నాలుగు రోజులుండి వెళ్ళేవాడు. ఆ రోడ్డు మీద బళ్ళ భయం లేకపోయినా గుంటల భయం ఉంది. ప్రతి వానాకాలమూ ఏరు రోడ్డు అంచును కొంత కొరుక్కుపోతుంది. కొండవైపు నుంచి రాళ్ళు జారి పడతాయి. నడుమ మిగిలిన సన్నని దారిలో ఇద్దరూ ఒకరి వెనక ఒకరుగా వెళ్ళేవారు. చిదంబరం ముందు, హైమవతి వెనక. గుంట కనిపించగానే అతను అటువైపు చెయ్యి కిందికి చాపి చూపించేవాడు. చూశానని తెలపడానికి ఆమె ఒక్కసారి గంట కొట్టేది. పన్నెండు కిలోమీటర్లూ వారి మధ్య అదే సంభాషణ.

"ఇంట్లో పిలిస్తే తల ఎత్తరు మాస్టారూ," అని హైమవతి ఒకసారి ఫిర్యాదు చేసింది. "ఇక్కడ మాత్రం నా గంట కోసం చెవులు రిక్కించుకొని ఉంటారు."

"ఇంట్లో గుంటలు లేవు కదా," అన్నాడు చిదంబరం.

"ఉన్నాయి. మీకు కనపడవు," అంది ఆమె.

ఒక ఏడు భాద్రపదంలో జ్వరం వచ్చి, వారం తిరక్కుండానే హైమవతి పోయింది. మార్గశిరంలో చిదంబరం రెండు సైకిళ్ళనూ వ్యానులో వేయించుకొని ఒక్కడే వచ్చాడు. వ్యానును పంపేసి, అరుగు మీద కూర్చొని అడిగాడు.

"ధవళేశ్వరం కాలవగట్టు మీద ఒక్కణ్ణీ తొక్కుతుంటాను మాస్టారూ. గుంట కనపడగానే నా చెయ్యి దానంతటదే చాచుకుంటుంది. ఆ వెంటనే గంట కోసం చెవి ఒగ్గుతాను. అది మోగదు. మోగదని తెలిసీ ఒగ్గుతాను. తోటివాళ్ళు చూసి నవ్వుతున్నారు, నవ్వనీయండి. కాని ఆ మనిషి ఒకసారి పోయింది చాలదా? గుంటకొకసారి పోవాలా? ఈ చెయ్యి లేవకుండా ఉండాలంటే నేనేం చెయ్యాలి?"

అతనే మళ్ళీ అన్నాడు. "నాకు తెలిసిన ఉపాయం ఒకటే. రెండు సైకిళ్ళూ మీ దగ్గర వదిలేసి వెళదామని వచ్చాను. ఇక తొక్కను."

మాస్టారు టీ పోశారు. సగం గ్లాసులో పడింది, కొంత పీట మీద పడింది. వయసు మీద పడుతోందనుకున్నాడు చిదంబరం.

"ఎగువ కొసన బడి ఉంది," అన్నారు మాస్టారు. "కొండ మీది ఊళ్ళ నుంచి పిల్లలు నడిచి వస్తారు. అక్కడ ఇచ్చేద్దాం. పక్కనే వంతెన, వంతెన దగ్గర మీకు బస్సు దొరుకుతుంది. సైకిలు తియ్యండి." లేవబోతూ ఆగి, "ఆ పచ్చచొక్కా మార్చి తెల్లది వేసుకోండి," అన్నారు.

"ఎందుకండీ?"

"ఈ అడవిలో పచ్చకేం కొదవ?"

హైమవతి సైకిలు మాస్టారే తీసుకున్నారు. "మీరు ముందు," అన్నారు.

బండరాళ్ళు దాటాక రోడ్డు అడవిలోకి తిరిగింది. ఎండ ఇంకా చెట్ల పైనే ఉంది. ఏరు ఎడమ పక్కన కనిపిస్తూ, మాయమవుతూ, మాట మాత్రం మానకుండా తోడు వచ్చింది. మొదటి గుంట కనపడినప్పుడు చిదంబరం రెండు చేతులతోనూ హ్యాండిలును గట్టిగా పట్టుకున్నాడు. చెయ్యి లేవలేదు. గెలిచాననుకునేలోపు వెనక దబ్బుమని చప్పుడు. ఆగి చూస్తే, మాస్టారు పంచె దులుపుకుంటూ సైకిలు లేవనెత్తుతున్నారు.

"ఏమీ కాలేదు. పదండి," అన్నారు.

ఆ తరువాత చిదంబరానికి చెయ్యి దాచుకునే ధైర్యం లేకపోయింది. గుంట రాగానే ఎడమచెయ్యి కిందికి చాపాడు. గంట మోగలేదు. మరో గుంట, మళ్ళీ చెయ్యి, మళ్ళీ అదే నిశ్శబ్దం. అయితే హైమవతి సైకిలుకు చైను కవరు ఒకచోట వదులు. పెడలు తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది. బాగు చేయిస్తానని మూడేళ్ళు అని, చేయించలేదు. ఇప్పుడు ఆ టక్కు, అదే దూరంలో, అదే లయలో వెనకనే వస్తోంది. తల తిప్పనంతసేపూ అది ఎవరి అడుగుల కింద మోగుతోందో చెప్పలేము. చిదంబరం ఆ పన్నెండు కిలోమీటర్లలో మళ్ళీ తల తిప్పలేదు. కళ్ళలో నీళ్ళు నిండి రోడ్డు అలుక్కుపోయినప్పుడు కూడా వేగం తగ్గించి, గుంటను వెతికి చూసి, చెయ్యి చాపి మరీ ముందుకు సాగాడు.

ఎగువ కొసన, ఎవరూ తొక్కరన్న ధీమాతో, బుల్లెమ్మ అనే కొండరెడ్ల ముసలామె రోడ్డు మీద చీపురుపుల్లలు ఎండబెడుతోంది. వీరిని చూసి పుల్లలు పక్కకు జరుపుతూ నోరు తెరిచింది.

"అదేంటి మాస్టారూ, కళ్ళకు పొరలొచ్చి గడప దాటట్లేదన్నారే. ఇంత దూరం ఎలాగొచ్చారు?"

"సైకిలు మీద," అన్నారు మాస్టారు.

"అది నాకూ కనపడతంది. నా కళ్ళు బాగానే ఉన్నాయి. మరి దారినిండా గోతులు కదా?"

"గొయ్యి నాకు కనపడదు బుల్లెమ్మా. ఆయన తెల్లచొక్కా చెయ్యి కనపడుతుంది."

ఆమె పంచెకు అంటిన బురద వైపు చూసింది. "ఒక గోతిలో పడ్డట్టున్నారే."

"అదొకటి ఆయన చూపించలేదు."

బుల్లెమ్మ నవ్వింది. చిదంబరం నవ్వలేదు. సైకిలు నడిపించుకుంటూ మాస్టారి దగ్గరకు వచ్చాడు. తరువాత, తనకే వినపడనంత మెల్లగా అడిగాడు.

"దారి పొడుగునా నా వెనక కళ్ళు లేకుండా వచ్చారా మాస్టారూ? ఒక్కసారైనా గంట కొట్టి ఉంటే, చూశారని నాకు తెలిసేది కదా."

మాస్టారు హ్యాండిలు మీద తడిమి, గంట మీద పడ్డ బురదను బొటనవేలితో తుడిచారు. మోగకుండా తుడిచారు.

"అది ఆవిడ గంట," అన్నారు.

వంతెన అవతల బస్సు హారను వినిపించింది. బండరాళ్ళు దాటాక విన్న మొదటి బండి చప్పుడు అదే. "బస్సొచ్చేసింది బాబూ," అంది బుల్లెమ్మ. "చెయ్యెత్తితే ఆపుతాడు." బస్సు వంతెన దగ్గర నెమ్మదించింది. కండక్టరు తల బయటికి పెట్టి ఇటు చూశాడు. చిదంబరం చెయ్యి హ్యాండిలు మీదనే ఉంది. బస్సు వెళ్ళిపోయాక, దాని చప్పుడు కొండ మలుపులో అణగి, మళ్ళీ ఏటి మాట వినిపించింది.

"మరి మీరు తిరిగి ఎలాగెళతారు మాస్టారూ?" అని అడిగింది బుల్లెమ్మ.

మాస్టారు హైమవతి సైకిలును వచ్చిన దారివైపు తిప్పి నిలబెట్టి, ఎదురుగా మసకగా కనిపిస్తున్న తెల్లచొక్కాతో అన్నారు.

"వెళ్ళేటప్పుడు ఏరు కుడిచేతి వైపు ఉంటుంది."