ముట్టరాదన్న మాట

ఊ కొట్టేవాళ్ళుంటే చెబుతాను. అనగా అనగా ఏటికి ఇటొక రాజ్యం, అటొక రాజ్యం. ఇటు నీలకేతుడు ఏలేవాడు, అటు రత్నాంగదుడు. తాతల నాటి నుంచీ పోట్లాటలే! అయితే పోరుకూ ఒక ధర్మం ఉండాలని పెద్దలు సంధి కుదిర్చి, షరతులన్నీ రాతిమీద చెక్కించి, ఏటి ఒడ్డున నిలిపారు.

నీలకేతుడికి సిరి ఉంది, సేన ఉంది. లేనిదల్లా మనశ్శాంతి. ఒక వెన్నెల సాయంత్రం ఉప్పరిగ మీద రాణి కువలయ జాజులు గుచ్చుతూ, "ఏమైనా ఆ రత్నాంగదుడి మాటంటే మాటేనట కదా ప్రభూ!" అంది. అంతే! చల్లని వెన్నెల ఆయనకు మిట్టమధ్యాహ్నపు ఎండలా కాసింది. నా రాణి నోట వాడి పేరా? వాణ్ణి ఓడించాలి. ఆ నోటితోనే నన్ను మెచ్చుకోవాలి. ఇదే ధ్యాస, ఇదే మంట.

రాతిమీద "ఏనుగులను పెంచరాదు" అని ఉంది. నీలకేతుడు అడవిలో చెరకు వేయించి, మందలకు మందలను మచ్చిక చేయించాడు. అటునుంచి రాయబారి వచ్చి ఇదేమిటని అడిగాడు.

"మేమెక్కడ పెంచాం నాయనా? అడవిలో అవే పెరిగాయి!" అన్నాడు రాజు. సభంతా పకపకా నవ్వింది.

రత్నాంగదుడు మాత్రం ఒక్క గున్ననైనా చేర్చుకోలేదట. ఆ కబురు విని ఇటు జనం కూడా "రాజంటే ఆయనే" అనుకున్నారు. అది విని నీలకేతుడు రాతిమీద మరో షరతు వెతికాడు.

"బాణాలకు విషం పూయరాదు" అని కూడా ఉంది. రాజు కడవల నిండా విషం కలిపించి, అందులో బాణాలు ముంచించాడు. మళ్ళీ రాయబారి పరుగున వచ్చాడు.

"పూస్తే కదా తప్పు? మేం ముంచాం. ముంచరాదని ఎక్కడుందో చూపించు!"

ఈసారి సగం సభే నవ్వింది. రత్నాంగదుడి అమ్ములపొదిలో మాత్రం విషపు చుక్క లేదు. నీలకేతుడి కళ్ళలో నిప్పులు పోసినట్టయింది.

యుద్ధం వచ్చింది. అటువాళ్ళు ఎందరో నేలకూలారు. వారి కోసం రత్నాంగదుడి వైద్యులు తెల్లజెండా పట్టుకుని వచ్చారు. "పడినవాణ్ణి ముట్టరాదు" అన్నది సంధిలో మరో మాట. పడినవాణ్ణి హింసించకూడదని దాని భావం. నీలకేతుడు దాన్నీ తిప్పేశాడు.

"ముట్టరాదంటే ఎవరూ ముట్టరాదు! వైద్యుడైనా సరే, ముట్టినవాడి తల తీయిస్తా!"

దండోరా మోగింది. భటులు ఆ వైద్యులను పట్టి ఆపేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి ఈటె తగిలి నీలకేతుడే ఏనుగు మీంచి దబ్బున పడ్డాడు. తొడలోంచి నెత్తురు ధారకట్టింది.

"దాహం... లేపండిరా!"

భటులు చుట్టూ చేరారు. ఒక్కడూ చెయ్యి చాపలేదు.

"ఎలా ప్రభూ? ముట్టరాదని తమరే సెలవిచ్చారు."

"అది వాళ్ళకురా, వెర్రివెధవల్లారా!"

"రాతిమీద వాళ్ళకని లేదు కదా ప్రభూ! మా తలలు మాకు తీపి."

అంతలో గుర్రం దిగి రత్నాంగదుడు వచ్చాడు. తన ఉత్తరీయం చించి గాయానికి కట్టు కట్టాడు. తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పట్టాడు. నీలకేతుడికి ప్రాణం పోతున్నా అసూయ పోలేదు.

"ఈ పేరు కూడా నీకేనా?" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"పేరు నువ్వే ఉంచుకో నీలకేతూ. నా వైద్యులను వదులు, చాలు. అక్కడ మావాళ్ళు నీళ్ళు నీళ్ళని అరుస్తున్నారు."

అప్పుడు విన్నాడు నీలకేతుడు. ఆ అరుపులు ఇందాకటి నుంచీ ఉన్నవే. తన నాలుక ఎండి తడిశాక గానీ చెవికెక్కలేదు. ఏ తల్లి బిడ్డలో!

"వదలండి. మన వైద్యులనూ పంపండి. ఆ విషం గోతిలో పాతెయ్యండి, ఏనుగులను అడవికి తోలెయ్యండి" అని, రత్నాంగదుడి ముఖం చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

సంధిలో సందు వెతికేవాడు, చివరికి ఆ సందులో తానే ఇరుక్కుంటాడు.