కాకరకాయ కూర, కాలువ నీళ్లు

చిదంబరయ్యగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి సమాధానం చెప్పరు, నాలుగు రోజులు ఉండి పొమ్మంటారు. కాలువల ఇంజనీరుగా పనిచేసే సాంబమూర్తి ఆ సంగతి తెలిసిన శిష్యుడే. అయినా విసిగి వేసారి ఆశ్రమానికి వచ్చాడు.

నీటి వంతుల కోసం అతను మూడు సభలు పెట్టాడు. షామియానా వేయించాడు, పులిహోర పెట్టించాడు. మొదటి సభకు వచ్చిన జనం రెండోదానికి సగమయ్యారు, మూడోదానికి పులిహోరే మిగిలింది. సోమవారంలోగా రైతుల సంతకాలతో వంతుల కాగితం పైకి వెళ్లకపోతే షట్టరు ఎత్తరు. కాలువ చివరి నారుమళ్లు ఎండిపోతాయి. ఆ దిగులు అతనికి నిజంగానే ఉంది.

"ఒక దేశంలో రైతులు వారం వారం చర్చి గుమ్మం ముందు చేరి నీటి తగవులు తీర్చుకుంటారు. ఇంకో దేశంలో కరకట్టలు చూసే సంఘాన్ని ఓట్లేసి ఎన్నుకుంటారు. మనవాళ్లలో చైతన్యం లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. పిలిచినా రారేమండీ?"

గురువుగారు అంతా విని, "మధ్యాహ్నం ఏం కూర చేయిద్దాం?" అన్నారు.

ఒళ్లు మండినా బంగాళాదుంప అన్నాడు. విస్తట్లో కాకరకాయ పడింది. మర్నాడూ అదే ప్రశ్న. వంకాయ అన్నాడు, మళ్లీ కాకరకాయే. మూడోనాడు గురువుగారు అడిగేసరికే వంటింట్లోంచి కాకరకాయ వేగుతున్న వాసన వస్తోంది. సాంబమూర్తి వినిపించుకోనట్టు తువ్వాలు భుజాన వేసుకుని బావి దగ్గరికి పోయాడు.

"ఇవాళ పలకలేదేం? నీలో చైతన్యం తగ్గినట్టుంది" అన్నారు గురువుగారు భోజనాల దగ్గర.

వడ్డిస్తున్న మరిడమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాలువ చివర ఆమెకు అరెకరం ఉందనీ, మొదటి సభకు వచ్చిందనీ సాంబమూర్తికి అప్పుడే తెలిసింది.

"షట్టరు బుధారం ఎత్తి శుక్కురారం దించేత్తామని రాశారు బాబూ. మా మడిదాకా నీరు రావడానికే రెండ్రోజులు పడద్ది. అదే సెప్పాను. సరే రాసుకున్నామన్నారు. రెండోసారి వత్తే, అదే కాయితం మీద సంతకం పెట్టమన్నారు. ఇంక కూలి మానుకుని ఎందుకు రావడం?"

ఆ కాగితం మొదటి సభకు ముందే టైపయింది. సాంబమూర్తికి మళ్లీ కోపం వచ్చింది, ఈసారి ఎవరి మీదా చూపించే వీల్లేని కోపం. చెయ్యి కడుక్కుని, సంచిలోంచి కాగితం తీసి, బుధవారం కొట్టేసి చకచకా కొత్త వారాలు రాయసాగాడు. రేపే ఇంకో సభ పెడతానన్నాడు. తల ఎత్తకుండానే, ఈసారైనా జనం వస్తారంటారా అని అడిగాడు.

గురువుగారు అతని కలం వైపు చూశారు.

"రేపటి కూరకు అప్పుడే పొయ్యి వెలిగించావా? మరిడమ్మ ఇంకా ఇక్కడే నిలబడి ఉంది."